తరాజు ఎవరి మాట

మొన్న మా అల్లుడు నా ఫోన్‌లో ఒక కొత్త మెసేజింగ్ యాప్ వేసి పెట్టాడు. మాతో పనిచేసి రిటైరైన పోస్టాఫీసు వాళ్లంతా అందులో ఒక గ్రూపు కట్టారట. "మామా, అండ్ల మీకో పేరు పెట్టుకోండ్రి, గంతే" అని చెప్పి తన పనిమీద తను వెళ్లిపోయాడు. నేను నా పేరు కొట్టాను. ఆ పేరు ఇంకెవరో తీసుకున్నారంది. ఇంటిపేరు కలిపితే మధ్యలో ఖాళీ ఉండకూడదంది. ఖాళీ తీసి చుక్క పెడితే చుక్క పనికిరాదంది. పోనీ అని తెలుగులో రాస్తే ఇంగ్లీషు అక్షరాలు మాత్రమేనంది. ఊరి పేరు కూడా కలిపి చూశాను, మరీ పొడుగైందంది. అరగంట కుస్తీ పట్టాక, "నా పేరు నేను పెట్టుకోవడానికి నడుమ నువ్వెవనివి?" అని ఫోన్ మీద అరిచాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి లోపలికి పోయింది.

అరిచాక నాకే నవ్వొచ్చింది. సరిగ్గా అదే మాట నలభై ఐదేళ్ల కింద ఒక వ్యాపారి నా ముఖం మీద అన్నాడు. అప్పుడు ఆ ఫోన్ చేస్తున్న పని నేను చేస్తుండేవాణ్ణి. ఈ కాలం పిల్లలు నమ్మరు కానీ, ఎవరికి ఏ పేరు ఇవ్వాలో, అందులో ఎన్ని అక్షరాలుండాలో కౌంటర్ వెనక కూర్చుని చెప్పే మనుషులుండేవారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆ పనిలో నేను చేసిన ఒక ఘనకార్యం గుర్తొచ్చింది. అది తప్పా, సగం తప్పా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

నేను తార్ బాబుగా చేరింది జనగామలో, అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడాది. తార్ అంటే టెలిగ్రాం, మా వైపు అట్లాగే అనేవారు. రైళ్లు ఎప్పుడు ఆగుతాయో, లైను ఎప్పుడు తెగుతుందో తెలియదు. రెండు రోజులు చప్పుడు లేకుండా పడున్న యంత్రం మూడో రోజు కూడబెట్టుకున్నదంతా ఒక్కసారి కక్కేది. కట కటమనే ఆ చప్పుడు విని అక్షరాలు రాసుకోవాలి. నేనేమో ప్రతి తార్ అర్థం చేసుకుంటూ, ఎవరో పోయారంటే అయ్యో అనుకుంటూ వెనకబడిపోయేవాణ్ణి. అక్కడి సీనియర్ ఒకరోజు నా జబ్బ మీద చరిచి, "చెవులకెల్లి చేతిల పడాలె. నడుమల బుర్రను రానీయకు. వచ్చిందంటె తప్పు వోతది" అన్నాడు. నేను బుద్ధిగా నేర్చుకున్నాను. ఆరు నెలల్లో చావులు, పెళ్లిళ్లు, మిర్చి ధరలు అన్నీ నా చెవిలో పడి చేతిలోంచి కాగితం మీదికి జారిపోయేవి, ఒక్కటీ తలలో ఆగేది కాదు. అందరూ మెచ్చుకున్నారు.

కొన్నేళ్లకు మానుకోట దగ్గర ఒక చిన్న మార్కెట్ ఊరికి బదిలీ అయింది. ఊరి పేరు చెప్పను, ఆ ఆఫీసు ఇప్పుడు లేదు కూడా. మొత్తం ముగ్గురం. పోస్టుమాస్టరు కృష్ణా జిల్లా ఆయన. రూలు పుస్తకాన్ని బల్లమీద కాకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చునే మనిషి. నేను రెండోవాణ్ణి. మూడోవాడు తార్లు పంచే జవాను. సైకిలు మీద తిరిగి తిరిగి నల్లబడ్డ మనిషి, ఊళ్లో ప్రతి గడపా తెలిసినవాడు. పోస్టుమాస్టరుకు ఆయన మాట సగమే అర్థమయ్యేది. "ఏవంటున్నాడయ్యా?" అని నన్ను అడిగేవాడు. నేను తెలుగులోంచి తెలుగులోకి తర్జుమా చేసేవాణ్ణి.

తార్‌లో ప్రతి మాటకూ డబ్బులే, అడ్రసుకు కూడా. అందుకని పెద్ద వ్యాపారులు తమ మొత్తం అడ్రసుకు బదులు ఒక్క మాట రిజిస్టరు చేయించుకునేవారు. ఆ మాట, ఊరి పేరు రాస్తే చాలు, తార్ వచ్చి వాళ్ల గుమ్మంలో పడేది. దానికి షరతులుండేవి. ఒకటే మాట కావాలి, ఇంగ్లీషు అక్షరాల్లో పదికి మించకూడదు, అంకెలూ చుక్కలూ పనికిరావు, ఒక ఆఫీసులో ఒకరికిచ్చిన మాట ఇంకొకరికి ఇవ్వకూడదు. ఏటేటా మళ్లీ రాయించుకోవాలి. ఆ రిజిస్టరు నా దగ్గర ఉండేది.

ఊళ్లో అన్నిటికంటే పాత మిర్చి అడ్తి దుకాణం గోడమీద త్రాసు బొమ్మ ఉండేది, మా వైపు తరాజు అంటారు, అదే వాళ్ల తార్ మాట. ముసలి షావుకారు పోయాడు. కొడుకులిద్దరు దుకాణం మధ్యలో గోడ కట్టుకుని పంచుకున్నారు. గల్లాపెట్టె ఒకరికి, కాంటా ఒకరికి, గోడమీది బొమ్మ సరిగ్గా మధ్యలో పడి చెరొక పళ్లెం చెరొకరి వైపు మిగిలింది. అంతవరకు బాగానే ఉంది. ఏడాది తిరిగి తార్ మాట మళ్లీ రాయించుకునే రోజు రాగానే ఇద్దరూ రెండు కాగితాలతో నా కౌంటర్ ముందుకొచ్చారు. రెండింట్లోనూ ఒకటే మాట.

"ఒకలకే ఇస్త" అన్నాను.

"పెద్దోన్ని నేనే గద" అన్నాడు అన్న.

"బాపు వొయ్యేదాక చాకిరి చేసింది నేను" అన్నాడు తమ్ముడు. "పోనీ ఒకటి, రెండు అని పెట్టి ఇయ్యి."

"అంకెలు వద్దు."

"పెద్ద తరాజు, చిన్న తరాజు అని రాసుకో మరి."

లెక్కపెట్టాను. ఇంగ్లీషులో పెద్ద తరాజు పదకొండు అక్షరాలు, చిన్న తరాజు పన్నెండు. ఏదన్నా తగ్గిద్దామని నేను నోరు తెరిచేలోపే తమ్ముడికి తను అన్నదేమిటో తట్టింది. "ఆగాగు. చిన్న తరాజని ఎవడు పెట్టుకుంటడు? నా కాడ తూకం తక్కువని నేనే బోర్డు కట్టుకుంటనా?" అన్నాడు. అన్న నవ్వాడు. తమ్ముడు అన్న కాలరు పట్టుకున్నాడు. విడదీయబోతే నా వైపు తిరిగి, "మా బాపు మాట మాకిచ్చెటానికి నడుమ నువ్వెవనివి?" అన్నాడు.

అదిగో ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఒక రాత్రి పడుకుని ఆలోచించి మర్నాడు పోస్టుమాస్టరుకు చెప్పాను, ఆ మాట ఎవరికీ వద్దు, రద్దు చేసి ఇద్దరినీ చెరొక కొత్త మాట పెట్టుకోమందామని. ఆయన రూలు పుస్తకం తిరగేసి, "భేషయ్యా. ఎవరూ అడగడానికి లేదు" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. ఎర్ర సిరాతో ఆ మాట మీద గీత కొడుతుంటే జవాను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"గది వాళ్లది కాదు గద సారు, మీరు కొట్టేస్తున్నరు" అన్నాడు.

"వాళ్లది కాకపోతే మరెవరిది?"

"పల్లెలోళ్లు కూడ గా మాట మీదనే ఉన్నరు సారు."

"ఏవంటున్నాడయ్యా?" అన్నాడు పోస్టుమాస్టరు. ఏం లేదులెండి అన్నాను. అది నేను సరిగ్గా తర్జుమా చేసి ఉంటే ఈ కథే లేదు.

జవాను ఆ ఒక్క మాటలో చెప్పింది ఇది. మా సైకిలు నాలుగు మైళ్లు దాటి పోదు. అవతలి పల్లెలకు వచ్చిన తార్‌ను కవర్లో పెట్టి టపాలో వేస్తే మూడు నాలుగు రోజులకు చేరేది. కానీ తరాజు దుకాణానికి నెల్లికుదురు దిక్కు నుంచి రోజూ మిర్చి బండ్లు వచ్చేవి. దుకాణం గుమస్తా తార్ చదివి, ఆ ఊరికి తిరిగిపోయే బండివాడికి సంగతి చెప్పి పంపేవాడు. పొద్దు గూకేలోపు కబురు ఇంటికి చేరేది. ముసలి షావుకారు ఎప్పుడో మొదలుపెట్టిన ఆనవాయితీ ఇది. భీవండి మగ్గాల మీదికి, బొంబాయి కట్టడాల మీదికి పోయే ప్రతివాడికీ రైలెక్కేముందు ఇంట్లోవాళ్లు ఆ ఒక్క మాట నేర్పి పంపేవారు. తల్లి పేరు, ఊరి పేరు లోపల రాసి పైన తరాజు అని కొడితే చాలు. అది ఒకరి దుకాణం మాట అని కూడా సగం మందికి తెలియదు.

అన్నదమ్ములు కొత్త మాటలు పెట్టుకున్నారు. తమతో బేరం చేసే ఊళ్ల షావుకార్లందరికీ కార్డులు రాసుకున్నారు. భీవండిలో మగ్గం నడిపేవాడికి ఎవరు రాస్తారు?

పాత మాట మీద తార్లు వస్తూనే ఉన్నాయి. మొదటి రెండూ మిర్చి ధరలవి. అన్నకిస్తే తమ్ముడు, తమ్ముడికిస్తే అన్న నా మీద అర్జీ పెడతారు. అందుకని ఈ అడ్రసు రిజిస్టరులో లేదని పంపిన ఆఫీసుకు తిరుగు కబురు కొట్టి, కాగితాన్ని డబ్బాలో వేశాను. రూలు కూడా అదే. అక్కడ మగ్గాల వాడలో పంపినవాణ్ణి వెతికి ఆ కబురు చెప్పేవాడెవడూ ఉండడని నాకు తట్టలేదు. ఆ తర్వాత పైన ఆ మాట కనిపిస్తే చాలు, చెయ్యి డబ్బా వైపు పోయేది. లోపల ఏముందో నా చెవి విన్నది, నా చెయ్యి రాసింది. జనగామలో నేర్చుకున్న విద్య నాకు బాగా అబ్బింది.

నెల తిరిగింది. ఒక అంగడి రోజు మధ్యాహ్నం కౌంటర్ ముందు ఒక ముసలామె నిలబడింది. చేతిలో బట్టల మూట ఉంది.

"నాయినా, తరాజుకు నా పేరు మీద తార్ ఏమన్న వచ్చిందా?"

"గా మాట ఇప్పుడు లేదవ్వా. తీసేసినం."

"మాటను తీసుడేంది బిడ్డా?" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలియక అడిగింది.

ఆమే చెప్పుకొచ్చింది. "మా ఊరి పిలగాడు నిన్న భీవండికెల్లి దిగిండు. మేం తార్ కొట్టి తొమ్మిది దినాలాయె, ఒక్కలు రాకపోతిరేంది అని నన్నే కొట్లాడిండు. నా కొడుకు దవాఖానల పడున్నడట. కాలు మీద ఇనుప దూలం పడ్డదట. ఆపరేషన్ చెయ్యాలంటె ఇంటి మనిషి నిశాని వెయ్యాల్నట. దుకాణంల అడిగితె అన్న తమ్ముని అడుగుమన్నడు, తమ్ముడు అన్నను అడుగుమన్నడు. ఆఖరుకు ఇద్దరు నిన్ను అడుగుమన్నరు."

డబ్బా దించాను. ఎనిమిది కాగితాలున్నాయి. మూడోది ఆమెది. కొడుక్కు దెబ్బ తగిలింది, వేలిముద్ర వేసే ఇంటి మనిషిని వెంటనే పంపండి అని ఉంది, తల్లి పేరు, ఊరి పేరు స్పష్టంగా ఉన్నాయి. రాసింది నేనే. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

"సదువు నాయినా" అంది.

చదివాను. తేదీ మాత్రం చదవలేదు.

పోస్టుమాస్టరు లేచి వచ్చాడు. "అడ్రసు ఆవిడది కాదు కదయ్యా, చేతికివ్వకూడదు" అన్నాడు. తర్వాత ఆమె ముఖం చూసి, కళ్లద్దాలు తీసి కిటికీ వైపు తిరిగి చాలాసేపు తుడుచుకున్నాడు. నేను కాగితం ఆమె చేతిలో పెట్టాను. మిగతా ఏడింటిలో ఏముందో చూడమని ఆయనే అన్నాడు. రెండు ధరలవి. ఒకటి పెళ్లి, అయిపోయింది. మిగిలినవి వస్తున్నామనీ, రాలేమనీ పల్లెలకొచ్చిన కబుర్లు. నేను ఎవరెవరి ఇళ్లకు ఏమేం అందకుండా చేశానో ఆ రోజు వరసగా చదువుకున్నాను.

ఈలోపు జవాను సైకిలు తీసుకుని దుకాణానికి పోయి అన్నదమ్ములిద్దరినీ పట్టుకొచ్చాడు. వాళ్లు కౌంటర్‌కు చెరొక కొసన నిలబడ్డారు. ముసలామె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అయ్యా, మీరు మీరు పంచుకున్నరు. మంచిగనే పంచుకున్నరు. నా కొడుకు తార్ ఎవల వంతుకు పెట్టిండ్రు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది వాళ్లు కాదు, నేను. అయినా నేను తల వంచుకుని డబ్బా మూత బిగిస్తూ నిలబడ్డాను. వాళ్లిద్దరూ తమనే అడిగిందనుకున్నారు. నేను అనుకోనిచ్చాను.

రైలుకు ఇంకా గంటంపావు ఉంది. ఆమె వెంట ఎవరు పోవాలన్న దగ్గర అన్నదమ్ములు మళ్లీ వాదులాడుకున్నారు, ఈసారి నేనంటే నేనని. చివరికి హిందీ వచ్చినవాడని తమ్ముడు బయలుదేరాడు. అన్న బొంబాయిలో తన సరుకు దించుకునే వ్యాపారికి అర్జంటు తార్ రాసిచ్చాడు, ఎవరినైనా దవాఖానకు పంపి ఇంటివాళ్లు దారిలో ఉన్నారని చెప్పించమని. దాన్ని కొడుతుంటే బుర్ర నడుమలకు వచ్చింది, రెండు తప్పులు పోయాయి, మళ్లీ కొట్టాను.

మూడు రోజులు యంత్రం పలికినప్పుడల్లా ముందుగా అడ్రసు కోసం చెవి పెట్టాను. నాలుగో రోజు పొద్దున తార్ వచ్చింది. పైన అడ్రసు తరాజు. తమ్ముడు పరేషాన్‌లో తన కొత్త మాట తనే మరిచిపోయి పాతదే రాశాడు. పాణం దక్కింది, కాలు మోకాలి కింద తీసేశారు అని లోపల ఉంది. రిజిస్టరు ప్రకారం అది డబ్బాలో వేయాల్సిన కాగితం. జేబులో పెట్టుకుని నేనే దుకాణానికి నడిచాను.

తమ్ముడు తిరిగొచ్చాక చెప్పాడు, వారం ముందు వస్తే కాలు నిలిచేదేమోనని డాక్టరు అన్నాడట. ఆ 'ఏమో' డాక్టరు అన్నదా, తమ్ముడు నా ముఖం చూసి కలిపిందా అని ఎన్నోసార్లు ఆలోచించాను. అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం. రూలు పాటించాను. కొట్లాట ఆపాను. చెప్పినవాడి మాట వినలేదు. ఈ మూడింటిలో దేని వల్ల ఆ కాలు పోయిందో విడదీద్దామంటే నాకు చేతకాదు.

ఆ నెలలోనే అన్నదమ్ములు ఒకే కాగితంతో వచ్చారు. తరాజు మాట పాతట్లాగే తమ బాపు పేరు మీద ఉంచమని రాసి, కింద ఇద్దరూ సంతకాలు పెట్టారు.

"చనిపోయినాయన పేరు మీద ఎట్లా ఇస్తావయ్యా?" అన్నాడు పోస్టుమాస్టరు.

"బతికుండాలని రూల్లో ఎక్కడన్న రాసుందా సార్?"

ఆయన పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. "లేదయ్యా, రాయలేదు" అన్నాడు, తనే ఆశ్చర్యపోతూ. అట్లా చచ్చిపోయిన షావుకారు నా రిజిస్టరులో ఏటేటా లేచి కూర్చునేవాడు. ఆ మాట మీద వచ్చిన పల్లె తార్లను అన్నదమ్ముల నడుమ గోడకు మేకు కొట్టి జవాను అక్కడ గుచ్చేవాడు. ఎటువైపు బండి ముందు కదిలితే ఆ వైపు కబురు పోయేది. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఈ మనిషి ఉన్నాడా అని అడిగితే, "ఆయనకు తార్లు వస్తున్నయ్ సార్" అన్నాను. ఆయన టిక్కు కొట్టి పోయాడు.

ఫోన్‌లో నా పేరు గడి ఇంకా ఖాళీగానే ఉంది. అల్లుడు అడిగితే వేళ్లు తిరగడం లేదన్నాను. పేరు చెప్పుకోవడం నాకు ఎందుకు కష్టమో చెప్పాలంటే భూపాలపల్లి సంగతి కూడా చెప్పాలి.

ఎనభైల మొదట్లో అక్కడికి బదిలీ అయింది. బొగ్గు కోసం నేల తవ్వి చూసే జీపులు తిరుగుతున్న రోజులు. ఒకనాడు చంకలో కర్ర పెట్టుకుని ఒకతను వచ్చాడు. రేగొండలో బట్టలు కుడతానని, ఆ ఊరి పిల్లనే చేసుకున్నానని చెప్పాడు. బిడ్డ పుట్టిందని తల్లికి తార్ కొట్టాలి. ఫారం నింపమంటే నన్నే రాసుకోమన్నాడు. అడ్రసు అడిగాను.

"తరాజు అని రాయుండ్రి సారు. గంతే చాలు" అని మానుకోట దగ్గరి ఆ ఊరి పేరు చెప్పాడు.

నా కలం ఆగింది. అతని కాలు వైపు చూడకుండా ఉండాలనుకుంటూనే చూశాను. చూశానని అతను చూశాడు.

"భీవండిల పోయింది సారు. మావోళ్లు కొట్టిన తార్ యాన్నో ఆగిపోయింది. అక్కడ తార్ ఆఫీసుల ఒక సారుండెనట. మా అవ్వ పోయి అడిగితె, కాదనకుంట డబ్బాలన్ని దేవులాడి తీసిచ్చిండట. గాయన లేకుంటె నా పాణమే పోవు. గా సారు దొరికితె కాళ్లు మొక్కుత అంటది అవ్వ. పేరు మాత్రం యాదికి లేదంటది. మీరు గా దిక్కు పనిచేసిండ్రా సారు? గాయన ఎవలో మీకేమన్న ఎరుకనా?"

నోటి దాకా వచ్చింది. చెబితే మొత్తం చెప్పాలి. సగం చెబితే అతను నిజంగానే వంగి నా కాళ్లు పట్టుకుంటాడు, ఆ ఒక్క కాలి మీద.

"తెల్వది" అన్నాను.

అతను పోనీలెమ్మన్నట్టు నవ్వాడు. మాటలు లెక్కపెట్టి, డబ్బులు తీసుకుని, తార్ అక్కడే అతని ముందే కొట్టాను. రసీదు కింద నా పేరు పూర్తిగా రాయడం నాకు మొదటినుంచీ అలవాటు. ఆ రోజు ఒక గీత గీసి ఇచ్చాను.